మహేంద్రగిరి పటం

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే శాస్త్రులవారు పంచాంగం చదివి వినిపించారు. ఎవరి రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో, రాజపూజ్యమెంతో, అవమానమెంతో అందరమూ విన్నాము. మా రాశికి వ్యయం ఎక్కువ వచ్చింది. ఇది మేము నెల జీతం రోజునే కనిపెట్టిన సంగతి. మేమిప్పుడు మీ ముందు విప్పబోయేది కూడా ఒక పంచాంగం వంటిదే. ఇందులో తిథులు, నక్షత్రాలు లేవు. కొండలు, గెడ్డలు, అడవులు, చెరువులు, బాటలు, వూళ్లు వున్నాయి. వెనుక బెంచీలవారికి కనిపించదని తెలుసు. సభ అయిన తరువాత బల్ల మీద పరుస్తాము. ప్రస్తుతానికి చెవులతో చూడండి.

దీన్ని టోపోషీటు అంటారు. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ శాఖ అచ్చు వేసే పటం. దీని నంబరు 74 బి/5. అక్షాంశాలూ రేఖాంశాలూ పట్టుకొని దేశమంతటినీ పెద్ద గళ్లుగా కోసి, ఆ గళ్లను మళ్లీ పదహారేసి ముక్కలు, వాటిని మళ్లీ పదహారేసి ముక్కలు చేస్తే, మన వంతుకు వచ్చిన ముక్క ఇది. నిలువున సుమారు 28 కిలోమీటర్లు, అడ్డంగా 26 కిలోమీటర్ల నేల. పూర్వం అంగుళానికి మైలు లెక్కన గీసేవారు. ఇప్పుడు 2 సెంటీమీటర్లకు 1 కిలోమీటరు. ఒక పక్క మందస, మరో పక్క పై అంచుకు బాగా దగ్గరగా మహేంద్రగిరి శిఖరం. ఆ కొండ ఉత్తరపు వాలు ఈ కాగితంలో పట్టలేదు. దానికి పై షీటు, 74 ఎ/8, తెచ్చి అతికించుకోవాలి. మహేంద్రుడంతటివాడు కూడా రెండు కాగితాల మధ్య తెగిపోయాడు. మన సంగతి చెప్పేదేమున్నది!

ఇంతకూ ఈ షీటే ఎందుకు తెచ్చామంటారేమో. మన ఖుర్దా రోడ్డు కాలనీలో తాతల నాడు గ్యాంగు పనికో, షెడ్డులో బొగ్గు పనికో, గూడ్సు మోతకో వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబాలు ఎన్నో వున్నాయి. ఎవరైనా ‘మీదే వూరు?’ అని అడిగితే ‘శ్రీకాకుళం దగ్గర’ అంటాము. మా పిల్లవాణ్ణి అడిగితే ‘జట్నీ’ అంటాడు. వాడు పుట్టినది ఇక్కడే గనుక వాడి మాట అబద్ధం కాదు. మన మాటే కొంచెం డొల్ల. శ్రీకాకుళం దగ్గర అంటే ఏ దిక్కున, ఏ గెడ్డ వొడ్డున, ఏ కొండ నీడన? మాకూ తెలియదు. మా నాన్నగారు ఎనిమిదో ఏట ఆ వూరు విడిచిపెట్టి వచ్చారు. ఆయనకు తెలిసినది ఎనిమిదేళ్ల పిల్లవాడికి తెలిసినంత. కాని అది తక్కువేమీ కాదని తరువాత తెలిసింది.

ఆయన చెప్పేది ఇంతే. ‘మన కళ్లంలో నిలబడి వాయవ్య మూలకు చూస్తే రెండు చిన్న కొండలు వుండేవి. వాటి సందులోంచి మహేంద్రం కనిపించేది. దాని నెత్తిన మబ్బు కూర్చుంటే మీ తాత ధాన్యం కుప్పల మీద గడ్డి కప్పేవాడు. గెడ్డ వూరిని కొడవలిలాగ చుట్టి తూర్పుకు పోయేది. చెరువు వూరికి పైన వుండేది, కింద కాదు.’ వూరి పేరు వలసతో ముగుస్తుంది. పూర్తి పేరు ఇక్కడ అచ్చు వేయించము. ఆ పేరు గల వూళ్లు ఆ జిల్లాలో ఒకటికి నాలుగు వున్నాయి. ఎవరికివారు మాదే అంటారు.

ఆ ‘వలస’ అనే మాటను ఒక్క క్షణం గమనించండి. ఆమదాలవలస స్టేషను మీదుగా ఎన్నిసార్లు వెళ్లి వుంటాము! ఎక్కడినుంచో లేచి వచ్చి నలుగురు గుడిసెలు వేసుకుంటే దానికి వలస అని పేరు. మా తాతగారు వదిలి వచ్చిన సొంత వూరు కూడా, అంతకు ముందెప్పుడో ఎవరో వలస వచ్చి కట్టినదే. ఈ ముక్క తట్టిన రోజున మాకు మనసు కొంత తేలికపడింది.

ఇక పటం చదవడం సంగతి. ఈ పటాలు ఒకప్పుడు మనవంటి వారికి సులభంగా చిక్కేవి కావు. సముద్రతీరం నుంచీ, దేశ సరిహద్దు నుంచీ సుమారు 80 కిలోమీటర్ల లోపలి షీట్లు నిషిద్ధ వర్గంలో వుండేవి. మహేంద్రగిరి నుంచి బారువ సముద్రం 30 కిలోమీటర్ల లోపే. అందుచేత మన వూరు ఎక్కడున్నదో మనం చూసుకోవడానికి వీలు లేని రోజులు చాలా కాలం నడిచాయి. 2005లో వచ్చిన జాతీయ పటాల విధానంతో రక్షణశాఖకు వేరుగా, ప్రజలకు వేరుగా షీట్లు వేయడం మొదలుపెట్టారు. 2017లో వాటిని ఎవరైనా కంప్యూటరు మీద దించుకొనే ఏర్పాటు చేశారు. 2021లో నిబంధనలు ఇంకా సడలించారు. మేము దించుకొని, పెద్ద కాగితం మీద అచ్చు తీయించాము. మడతల దగ్గర గుడ్డ అతికించినది మా ఇంటి ఆడవారు.

రంగులు చూడండి. పచ్చన అడవి, పసుపు సాగు భూమి, నీలం నీరు, ఎరుపు బాటలూ ఇళ్లూ, నలుపు పేర్లూ రైలు పట్టాలూ. గోధుమరంగులో దారప్పోగుల్లాగ మెలికలు తిరిగే గీతలున్నాయే, అవే ప్రాణం. పిల్లల పుస్తకాల్లో సమోన్నత రేఖలంటారు. మొదట మాకూ బోధపడలేదు. ఎండాకాలంలో చెరువు తగ్గుతూ వుంటే గట్టు చుట్టూ నీటి చారలు ఒకదాని కింద ఒకటి మిగులుతాయి కదా! ఆ చార పొడుగునా నేల ఒకే మట్టం. అటువంటి చారలు కొండ చుట్టూ 20 మీటర్ల కొకటి చొప్పున గీశారనుకోండి. చారలు దూరదూరంగా వుంటే నేల మెల్లగా ఎక్కుతున్నది. దగ్గరదగ్గరగా వుంటే నిలువు. మనం రైల్వేవాళ్లం గనుక మనకింకా సులువు. లైను పక్కన గ్రేడియెంటు పోస్టు మీద వందకు ఒకటి అని రాసి వుంటే ఇంజనుకు ఎంత బరువో మనకు తెలుసు. ఈ పటంలో అటువంటి పోస్టులు వేలకొద్దీ వున్నాయి, కాకపోతే గీతలుగా వున్నాయి. మందస మైదానం నుంచి శిఖరం దాకా తిన్నగా కొలిస్తే రమారమి 15 కిలోమీటర్లు. ఆ లోపల డెబ్బై చిల్లర గీతలు దాటాలి. శిఖరం పక్కన 1501 అని అంకె వున్నది. అది మీటర్లు.

ఈ కొండను మన పెద్దలు పరశురాముడి తపోభూమి అంటారు. పాండవుల పేర్లతో పైన పాత రాతిగుళ్లున్నాయి. కళింగాన్ని ఏలిన గంగరాజులు అక్కడి గోకర్ణేశ్వరుణ్ణి కులదైవంగా కొలిచారు. కాళిదాసు రఘువంశంలో రఘువు దండయాత్ర ఈ మహేంద్రం మీదుగానే సాగింది. ఇవన్నీ పురాణ శ్రవణంలో విన్నవే. పటం మాత్రం కొత్త సంగతి ఒకటి చెప్పింది. మహేంద్రతనయ, అంటే మహేంద్రుడి కూతురు, అనే పేరుతో ఏరు ఒకటి కాదు, రెండు వున్నాయి. ఒకటి తూర్పుకు మందస, సోంపేట ప్రాంతాల మీదుగా దిగి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండవది పడమటి కొండల్లో పుట్టి పర్లాకిమిడి పక్కనుంచి పోయి వంశధారలో కలుస్తుంది. పేరు ఒకటే, అత్తవారిళ్లు వేరు. మా నాన్నగారూ, మన కాలనీలోని పర్లాకిమిడి పెద్దాయన ఒకరూ ‘మా మహేంద్రతనయ’ గురించి ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఒకరు సముద్రంలో కలుస్తుందంటారు, ఒకరు ససేమిరా కాదంటారు. ఇద్దరి మాటా నిజమేనని షీట్లు పక్కపక్కన పెట్టి చూపించవలసి వచ్చింది. చూపించినా పూర్తిగా ఒప్పుకోలేదనుకోండి.

పటంలో మా వూరు వెదికిన తీరు చెప్పాలి. మొదట పేరు కోసం వెదికాము. మూడు ఆదివారాలు భూతద్దంతో కూర్చున్నాము. ఆ పేరు లేదు. మా నాన్నగారు ‘పోనీలేరా, వూరే పోయి వుంటుంది’ అని పక్కకు తిరిగి పడుకున్నారు. ఆ మాట మాకు పట్టుకున్నది. మరునాడు రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, పేర్లు చూడడం మానేశాము. పేర్ల మీద చిన్న చిన్న కాగితం ముక్కలు కప్పి, కేవలం గెడ్డల వంపులు చూసుకుంటూ వచ్చాము. కొడవలి వంపు మూడు చోట్ల దొరికింది. చెరువు వూరికి పైన వున్నది వాటిలో ఒక్కటే. అక్కడినుంచి శిఖరానికి రూళ్లకర్ర పెట్టాము. ఆ కర్ర సరిగ్గా రెండు చిన్న గుండ్రటి గీతల మధ్యగా పోయింది. ఆ రెండు గుండ్రాలే ఆయన చెప్పిన రెండు కొండలు. ఆయన్ను లేపి చూపిస్తే, కళ్లజోడు పెట్టుకోకుండానే వేలు తీసుకుపోయి ఆ చోట ఆనించారు. చాలాసేపు తీయలేదు. కాగితం ముక్క తొలగించి చూస్తే అక్కడ అచ్చయినది మరేదో పేరు. తరువాత తెలిసింది, అది గెడ్డ అవతలి వూరివాళ్లు మా వూరికి పెట్టుకున్న పేరు. సర్వేవారు అవతలి గట్టున నిలబడి అడిగారు కాబోలు.

సర్వేవారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. 1802లో లాంబ్టన్ దొర మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంటు పక్కన ఏడున్నర మైళ్ల నేలను గొలుసుతో కొలిచి మొదలుపెట్టిన మహాయజ్ఞం అది. అర టన్ను బరువు గల కొలత యంత్రాన్ని కొండలూ గోపురాలూ ఎక్కించారు. ఆ రోజుల్లోనే మెకంజీ దొర వెంట మన తెలుగువారు, ఏలూరి కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, వూరూరా తిరిగి కైఫీయతులూ శాసనాలూ సేకరించారు. ఆ మెకంజీయే 1815లో దేశానికి మొదటి సర్వేయరు జనరల్ అయ్యాడు. నేలను కొలిచే చెయ్యీ, వూరి కథ రాసుకొనే చెయ్యీ ఒక్క జట్టులో వుండిన కాలం అది. తరువాత కొలత పటంలోకి పోయింది, కథ అటకెక్కింది.

పేర్ల సంగతి వచ్చింది గనుక గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకోకుండా వుండలేము. పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. ఈ కొండల్లోని సవరల భాష నేర్చుకొని, ఒక్కొక్క ధ్వనినీ విన్నది విన్నట్టు పట్టుకొని, 1931లో సవర భాషా బోధినినీ 1938లో నిఘంటువునూ అచ్చు వేయించారు. సర్వేవాడు కొండ ఎత్తును అడుగు తప్పకుండా కొలిస్తే, పంతులుగారు కొండవాళ్ల మాటను అక్షరం తప్పకుండా కొలిచారు. పటంలో కొండ మీదికి పోయేకొద్దీ ‘సింగి’ అని ముగిసే సవర పల్లెల పేర్లు వస్తాయి. కిందికి దిగితే పురాలూ పేటలూ వలసలూ. మధ్యలో ఒడియా పేర్లు. ఈ మూడు భాషలూ ఒక్క కాగితం మీద తగవు లేకుండా వున్నాయి.

తగవు గీసినది మరొక గీత. పటంలో గీతా చుక్కా, గీతా చుక్కాగా పోయేదే రాష్ట్రాల సరిహద్దు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జమీని రెండు ముక్కలు చేశారు. పట్నం అటు పోయింది. టెక్కలి వైపు భాగం మద్రాసు రాష్ట్రంలో మిగిలింది. పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య వున్నది మహేంద్రతనయ ఒక్కటే. నిన్నటి దాకా అక్క అటు, చెల్లెలు ఇటు వుండి పిలిస్తే పలికే దూరం. తెల్లవారేసరికి రెండు రాష్ట్రాలు. 1937లో పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతిగారు ఒరిస్సాకు మొదటి ప్రధానమంత్రి అయ్యారు. యాభై అయిదేళ్లకు పైగా అక్కడే వున్న గిడుగువారు మాత్రం 1936లోనే ఆ వూరు విడిచి రాజమహేంద్రవరం చేరి, 1940లో కన్నుమూశారు. తప్పొప్పులు తేల్చే శక్తి మాకు లేదు. మనం ఒడిశా నీళ్లు తాగి బతుకుతున్నవాళ్లం. ఇక్కడివారు మనల్ని ఏనాడూ పరాయిగా చూడలేదు. కాని డెబ్బై దాటిన మనిషి మూట కట్టుకొని రైలెక్కడం తలచుకుంటే, మనమూ మూటలు కట్టుకొని వచ్చినవాళ్ల పిల్లలమే గనుక, కొంచెం కష్టంగా వుంటుంది.

ఒక చిన్న విశేషం. నౌపడ నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న రైలు మొదలైనది 1900 ఏప్రిల్ 1న. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆ చిన్న పట్టాలకు సెలవిచ్చి, 2011కల్లా గుణుపురం దాకా పెద్ద పట్టాలు వేశారు. ఏప్రిల్ 1 మా గుమాస్తాలకు కొత్త లెక్కల పుస్తకం విప్పే రోజు. ఈ పటం మీద ఆ తేదీ మూడుసార్లు పడింది. రెండు చెప్పాము. మూడవది ఈ పచ్చరంగులో వున్నది.

పటంలో పచ్చన కనిపించేదంతా అడవి. అందులో చుక్కల గీత కట్టిన మేర రిజర్వు అడవి. ఆకుపచ్చ రంగు కంటికి చల్లగా వుంటుంది గాని, ఆ అడవి ఎవరిదో, అందులో కట్టె కొట్టుకొనే హక్కు ఎవరికున్నదో చెప్పదు. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో ఆ హక్కు మీదనే గొడవ ముదిరి, పోలీసులు రైతుల మీద కాల్పులు జరిపారు. వీర గున్నమ్మ అనే గర్భిణి స్త్రీ ఆ కాల్పుల్లో ప్రాణం విడిచింది. మా నాయనమ్మ పొయ్యిలో కట్టె తోసేటప్పుడు సగం కాలినదాన్ని ఆర్పి దాచేది. ‘ఇది వూరికే వచ్చినది కాదు’ అనేది. గ్యాసు పొయ్యి వచ్చిన తరువాత కూడా ఆ మాట మానలేదు. చిన్నతనంలో మేము పిసినారితనం అనుకున్నాము.

కిందటేడు ఉగాది వెళ్లిన వారంలో మా నాన్నగారిని వెంటబెట్టుకొని బయలుదేరాము. మందస రోడ్డులో దిగి, మందసలో కోవా కొనుక్కొని (అక్కడికి వెళ్లి అది కొనకపోతే ఇంట్లో జవాబు చెప్పుకోలేము) ఆటోలో పోయినంత దూరం పోయి, అక్కడినుంచి నడక. పటం చంకలో వున్నదనే ధీమాతో మంచినీళ్లు ఒక్క సీసాయే తీసుకున్నాము. దారిలో నాలుగు ఏళ్లు దాటాలి గదా అనుకున్నాము. నాలుగూ ఎండి వున్నాయి. అప్పుడు ఒక చెట్టు కింద కూలబడి పటం విప్పి చూస్తే, ఆ నాలుగు గెడ్డలూ నల్ల గీతలు. నీలం గీత అయితే ఏడాది పొడుగునా నీరు. నల్ల గీత అయితే వానలకు మాత్రమే. ఇంత స్పష్టంగా అచ్చు వేసినదాన్ని చూసుకోకుండా, డెబ్బై ఏళ్ల మనిషిని ఎండలో నడిపించాము. పైగా రూళ్లకర్రతో 4 కిలోమీటర్లు అనుకున్న బాటను ఇంటికి వచ్చి దారం పెట్టి వంపులన్నీ కొలిస్తే 7 వచ్చింది. మీరెవరైనా వెళ్లేటట్లయితే దారంతో కొలవండి.

చెరువు వున్నది. గట్టు మీద నిలబడితే రెండు కొండల సందులో మహేంద్రం, ఆయన చెప్పినట్టే. వూరు మాత్రం మూడు గడపలకు వచ్చింది. రెండు తాళాలు వేసి వున్నాయి. మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దామె ఆగి, ‘ఎవులు కావాల బాబూ?’ అన్నది. మా నాన్నగారు ఇంటిపేరు చెప్పారు. ఆమె కాసేపు ఆలోచించి, కర్రతో చెరువు కిందికి చూపించింది. ‘అదుగో, ఆల మడి. దున్నీవోలు వేరు గాని, పేరు ఆలదే’ అన్నది.

మేము అక్కడ నేల వదిలి అరవై ఏళ్లు దాటింది. ఆ మడి నుంచి గింజ తిని ఎరుగము. మా తాతగారు అమ్ముకున్నారో, వదులుకున్నారో కూడా మాకు కాగితం లేదు. అడిగే ఉద్దేశమూ లేదు. కాని మా ఇంటిపేరు మా కంటె ముందుగా వెళ్లి అక్కడ పొలంలో నిలబడి వున్నది. పటంలో ఆ మడి పసుపు రంగులో చిటికెన వేలి గోరంత. దాని మీద పేరు లేదు. వుండదు కూడా. అంత చిన్న పేర్లకు ఏ షీటులోనూ చోటు లేదు. ఆ పెద్దామె నోట్లో వున్నది. ఆమెకు ఎనభై దగ్గర వుంటాయి.

మా నాన్నగారు గట్టు మీద కూర్చుని కోవా సగం ఆమెకు పెట్టి, ఆమె చెప్పిన పేర్లన్నీ మా చేత రాయించారు. ఏ మదుము కింద ఎవరి మడి, ఏ మలుపును ఏమంటారు, గెడ్డలో పిల్లలు ఈదే మడుగు పేరేమిటి. ఒక గంటలో ముప్ఫై చిల్లర పేర్లు. పటంలో ఆ మేరకు వున్నది ఒకే ఒక్క పేరు, అదీ పక్క వూరివాళ్లు పెట్టినది.

అందుకే సంఘంవారిని ఒకటి కోరాము, వారు దయతో ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం సాయంత్రం 4 గంటలకు ఈ హాల్లోనే ఈ షీట్లు బల్లల మీద పరుస్తాము. మందస, సోంపేట వైపువారికి ఇది. పర్లాకిమిడి, పాతపట్నం వారికి 74 బి/1 తెచ్చాము. టెక్కలి వైపు షీటు ఇంకా అచ్చు తీయించవలసి వున్నది. పక్కన ఒక నోటు పుస్తకం పెడతాము. ఇంట్లో నడవలేని పెద్దలుంటే చెప్పండి, కాగితం చుట్టి మేమే ఇంటికి తెస్తాము. పేరు గుర్తులేదని వెనుకాడవద్దు. చెరువు వూరికి పైనా, కిందా? కొండ ఏ మూలన? గెడ్డ ఎటు తిరుగుతుంది? ఈ మూడూ చెప్పగలిగితే చాలు, మిగిలినది రూళ్లకర్ర చూసుకుంటుంది. పిల్లలను తప్పకుండా తీసుకురండి. వాళ్ల కళ్లు మంచివి, సన్న అక్షరాలు వాళ్లే చదవాలి.

పెన్నులు వద్దు, పెన్సిళ్లు తెచ్చుకోండి. ఈ షీటులో కుడివైపున ఒకచోట కాగితం కొంచెం నలిగి వుంటుంది. అది మా నాన్నగారి వేలు. అక్కడ మాత్రం గీయకండి.